అధ్యయనము చేయుదురట

2025 సెప్టెంబరు 17వ తేదీన, తెలంగాణములో ఒక పక్షమువారు విమోచనమనియు, వేరొకరు సమైక్యతయనియు, సర్కారువారు ప్రజాపాలనయనియు ఒక్క దినమునకే మూడు నామకరణములు గావించి వేరువేరుగా జెండా లెగురవేయుచుండగా, అటు రియాదు నగరమున సౌదీ యువరాజును పాకిస్తాను ప్రధానియు పరస్పర రక్షణ ఒప్పందముపై చేవ్రాలొనర్చి, ఒకరిపై దురాక్రమణము ఇరువురిపై దురాక్రమణమేయని చాటిరి.

2016లో మన ప్రధానికి అత్యున్నత పౌరపురస్కారమునిచ్చి, 2019లో మనతో వ్యూహాత్మక భాగస్వామ్య మండలిని నెలకొల్పుకొన్న మిత్రుడే, ఆ యేటి మే మాసమున మనతో నాలుగు దినములు పోరినవానికి చేయి యందించెను. కౌటిల్యుడు మిత్రుని వేరుగను, అరిమిత్రుని వేరుగను లెక్కించెనే గాని, ఒక్కడే రెండు గడులందును కాలుమీద కాలు వేసికొని కూర్చుండునని తలంచినట్లు కానరాదు.

మరునాడు మన విదేశాంగశాఖ, ఈ సంగతి తమకు ముందే యెరుకయనియు, జాతీయ భద్రతపైనను, ప్రాంతీయ ప్రపంచ స్థిరతలపైనను దాని పర్యవసానములను అధ్యయనము చేయుదుమనియు సెలవిచ్చెను. ముందే యెరిగినదానిని ముందే యేల చదువలేదని యడుగుట దౌత్యమర్యాద గాదు. 1954లో అమెరికా పాకిస్తానుతో సైనిక సహాయపు ఒడంబడిక చేసికొన్న కాలమున నెహ్రూ పండితుడు ఎలుగెత్తి నిరసించెను. అయితే నాడు మన రైళ్లు బొగ్గుతో నడచెడివి, నేడు మన బండ్లలో సౌదీ చమురు కూడ పడుచున్నది. పీపాలు కొనువాని కంఠము కొంత మెత్తబడుట సహజము.

ఈ వార్తను గోదావరిఖని చౌరస్తాలోని టీకొట్టు కడ నేను చదివి వినిపింపగా, ముప్పదియేండ్లు బొగ్గుబాయిలో పనిచేసి మైనింగు సర్దారుగా దిగిపోయిన వృద్ధుడొకడు గ్లాసు దించి పెదవి విరిచెను.

“బాయిల రూఫ్ చప్పుడైతే కట్టెతోని కొట్టి చూస్తం సారూ. డొల్లగ మోగిందా, మందిని ఎనుకకు గుంజి టింబర్ పెట్టిస్తం. సదువుకుంట కూసుంటే రూఫ్ ఆగుతదా?”

ఉపమానము గట్టిదే. “కాని కాకా, మీరు మందిని వెనుకకు గుంజవచ్చును, ఆ సౌదీలో మనవారు 25 లక్షలకు మించి యున్నారే, మన పెద్దపల్లి, జగిత్యాల పల్లెలవారు సైతము అందుండగా, సర్కారు ఎవ్వరిని ఎచ్చటికి గుంజవలెను?” అంటిని.

వృద్ధుడు మారుపలుకలేదు. అతని చిన్నకొడుకు అకామా యను నివాసపు అనుమతిపత్రముతో అచ్చటి దమ్మాములో లారీ నడుపుచున్నాడు.

అంతలో అచ్చటినుండియే ఫోను మ్రోగెను. ఢిల్లీవారి అధ్యయనమునకు నావంతుగా కొంత సామగ్రి దొరకునేమోయని చెవి యొగ్గితిని.

“బిడ్డా, అకామా రెన్యూవల్ జేసిండ్రా, లేదా?” అని మాత్రము అతడడిగెను.