బస్తర్‌ను మూడు దినములలో ముగించుట ఎట్లు?

పూర్వము మనవారు ప్రయాణమునకు ముందు పంచాంగము చూచెడివారు. వారశూలయు వర్జ్యమును తప్పినచో తక్కినదంతయు దారియే చూచుకొనునని వారి నమ్మకము. ఇప్పటి గృహస్థుడు పంచాంగమును అటక యెక్కించి, దానికన్న పదింతలు కఠినమైన ఎక్సెల్ పట్టికను ప్రతిష్ఠించుకొనినాడు. గడికొక ఊరు, ఊరి ప్రక్కన నిమిషములు, నిమిషముల ప్రక్కన టిఫిను. ఈ పట్టిక సిద్ధమగుటకు పట్టెడి కాలములో కాలినడకన పోయినను ఆ ఊళ్లన్నియు చుట్టి రావచ్చునని ఎవరైన అన్నచో, వారిని కుటుంబపు వాట్సాప్ బృందమునుండి సగౌరవముగా తొలగింతురు.

అరకులోయలో కారు నిలుపుటకు జానెడు చోటు మిగులకపోవుటయు, చిత్రకోట్ జలపాతము చేతిఫోనులో అరనిమిషము పాటు దుమికి చూపుటయు ఏకకాలమున సంభవించుటచే, విశాఖపట్నపు, హైదరాబాదు గృహస్థుల పట్టికలలోనికి ఇటీవల బస్తర్ ప్రవేశించినది. జగదల్‌పూర్‌కు పడమట నలువది కిలోమీటర్లలోపున ఇంద్రావతీ నది గుర్రపులాడపు ఆకృతిలో సుమారు 95 అడుగుల లోతునకు దుముకు ఆ తావును భారతదేశపు నయాగరా యని పిలుచుట ఆచారమైనది. కెనడావారు తమ జలపాతమును ఉత్తర అమెరికా చిత్రకోట్ అని చెప్పుకొని గర్వించినట్లు మాత్రము ఇంతవరకు వార్త రాలేదు.

వృత్తిచే ఆడిటరగు మిత్రుడొకడు తన పట్టికను దయతో నాకు చూపినాడు. తెల్లవారుజామున 4 గంటలకు విశాఖలో బయలుదేరి, సాలూరు, కొరాపుట్, జైపూర్ మీదుగా సుమారు 300 కిలోమీటర్లు పోయి జగదల్‌పూర్ చేరుట, చిత్రకోట్, 45 నిమిషములు, రాజప్రాసాదము, 15. మరునాడు తీరథ్‌గఢ్ జలపాతము, కుటుంసర్ గుహ, దంతేవాడలో అమ్మవారి దర్శనము, బార్సూరులో ముప్పదిరెండు స్తంభముల బత్తీసా ఆలయము. ఈ కడపటిదానికి ఇరువది నిమిషములు కేటాయింపబడియున్నవి. అనగా స్తంభమునకు నలువది సెకనులైనను దక్కవు. మూడవ నాడు 30వ నంబరు జాతీయ రహదారిపై సుక్మా, కుంట, చింతూరు దాటి రాత్రికి భద్రాచలము. నడుమ నడుమ ప్రకృతిని ఆస్వాదించుటకు ప్రత్యేకముగా ఒక గడి కలదు. అందు డీజిలు కూడ పోయించుకొనవలెను.

ఇంతటి పట్టికకును ఒక విఘ్నము తటస్థించినది. వర్షాకాలమున చిత్రకోట్ ఎర్రనీటితో గట్లు రెంటిని ఒరసి గర్జించును; కాని కాంగేర్ లోయలోని కుటుంసర్ గుహలోనికి అప్పుడే నీరు ప్రవేశించును గనుక, దానిని మూసివేయుదురు. వానలు వెనుకపట్టు పట్టి గుహను తెరచునప్పటికి జలపాతము సన్నగిల్ల నారంభించును. వేసవి ముదురునప్పటికి ఆ భారతీయ నయాగరా రాళ్ల నడుమ కొన్ని ధారలుగా మిగులును. మిత్రుని కుటుంబము తత్‌క్షణమే జలపాతపక్షము, గుహాపక్షము అని రెండుగా చీలినది. బావమరిది జూలై మాసమన్నాడు, తోడల్లుడు డిసెంబరన్నాడు. వానాకాలమున ఒక్క ఆదివారమైనను గుహను తెరచి, చలికాలమున ఒక్క ఆదివారమైనను జలపాతమును నింపరాదా, ఇంతమంది పన్నులు కట్టుచుండగా, అని మిత్రుడు వాపోయినాడు. తుదకు సంధి కుదిరినది: గుహ ఇంకను తెరువబడక, జలపాతము అప్పుడే తగ్గుముఖము పట్టు అక్టోబరు దసరా సెలవులలో పోవలెనని ఉభయపక్షములును అంగీకరించినవి.

ఆ గుహలో చూపులేని చేపలుండును. తరతరములుగా చీకటిలో మసలుటచే వాటికి కన్నులతో పని లేకపోయినది. 1982లో జాతీయోద్యానముగా ప్రకటింపబడిన ఆ లోయలో, చూడవచ్చినవారిని చూడకుండెడి సౌకర్యము ఆ ప్రాణికి మాత్రమే లభించినది. మనుష్యుని మాటను అనుకరింపగల బస్తర్ మైనాకు ఆ భాగ్యము లేదు. మనవారు కిటికీ దించి దానికి ఏమి నేర్పిపోవుదురో యని నాకు భయము.

దసరా యనగానే మిత్రుడు రావణదహనము ఎన్ని గంటలకని విచారించినాడు. బస్తర్ దసరాలో రావణుడు లేడు, దహనము లేదు. ఉన్నది దంతేశ్వరీ దేవి. ఆ ఉత్సవము శ్రావణమునకు ముందటి అమావాస్యనాడు కఱ్ఱపూజతో మొదలై 75 దినములు సాగును. ముండ్ల ఊయలపై పరుండిన బాలిక అనుమతి యీయనిదే పండుగ నడువదు. విజయదశమి పిదప రాత్రివేళ మారియా ఆదివాసులు ఉత్సవరథమును దొంగిలించి అడవిలోనికి లాగుకొనిపోవుదురు. మరునాడు రాజు స్వయముగా పోయి, వారితో కూర్చుండి కొత్తబియ్యపు అన్నము తిని, రథమును వేడి తెచ్చుకొనవలెను. వాహనము పోయినచో దొంగలతో కలిసి భోజనము చేయుట అను ఈ పద్ధతి బీమా కంపెనీల దృష్టికి ఇంకను రానట్లున్నది. 75 దినములను ఏ గడిలో ఇముడ్చుట? "ముఖ్యమైన రోజొక్కటి చెప్పండి చాలు" అన్నాడు మిత్రుడు.

బస్తర్‌కు దారి పట్టిన తెలుగువారిలో మొదటివాడు మాత్రము ఇతడు కాడు. 1323లో ఓరుగల్లు కూలిన పిదప, ప్రతాపరుద్రుని తమ్ముడని చెప్పబడెడి అన్నమదేవుడు ఇంద్రావతిని దాటి ఇచ్చట రాజ్యము నెలకొల్పెనని ఐతిహ్యము. "నీవు ముందు నడువుము, నేను వెనుక వత్తును, నీవు నడిచినంత మేరయు నీ రాజ్యము, వెనుదిరిగి చూచితివా, అచ్చటనే ఆగుదును" అని దేవి వరమిచ్చినదట. శంఖిని, డంకిని నదుల సంగమమున ఇసుకలో అందెల చప్పుడు అణగిపోవుటచే రాజు సందేహించి తిరిగి చూచినాడు. దేవి అక్కడనే నిలిచిపోయినది, అదియే దంతేవాడ. నేటి యాత్రికునకు ఆ వరమిచ్చినచో కారు గేటు దాటకమునుపే రాజ్యము ముగిసియుండును. ఏలయన ప్రతి సుందరదృశ్యమునకును వీపు చూపి, దానిని చేతిలోని అద్దమున చూచుకొనుటయే ఇతని దర్శనవిధి.

జగదల్‌పూర్ నగరమునకు పట్టికలో రాత్రి నిద్ర తప్ప వేరు ప్రయోజనము లేదు. పదునైదు నిమిషములు దక్కిన ఆ రాజప్రాసాదముననే 1966 మార్చి 25న ప్రవీర్ చంద్ర భంజ్‌దేవ్ మహారాజు, ఆయనను దైవముగా కొలిచిన ఆదివాసులతో కూడ, పోలీసు కాల్పులలో మరణించినాడు. "ఘాట్ రోడ్డు – సెల్ఫీ – 10" అని మూడవనాటి గడిలో వ్రాసిన తావు ఝీరం లోయ. 2013 మే 25న మావోయిస్టులు కాంగ్రెసు నాయకుల వాహనశ్రేణిపై పడి మహేంద్ర కర్మను, నందకుమార్ పటేల్‌ను, ఇంకను పలువురిని చంపినది అచ్చటనే. ఈ విషయము నేను చెప్పగా మిత్రుడు కొంతసేపు మాటాడలేదు. పిదప పదిని అయిదు చేసినాడు.

భోజనపర్వమున అత్తగారి ప్రశ్న ఒక్కటే: "అల్లుడుగారూ, అక్కడ పెరుగు దొరుకుతుందా?" దొరకును. దొరకుటయే కాదు, వారపు సంతలో ఆకుదొన్నెలలో ఎఱ్ఱచీమలను గ్రుడ్లతో సహా కుప్పపోసి అమ్ముదురు. వానిని మిరపకాయ, ఉప్పు వేసి నూరినచో చింతపండు సిగ్గుపడునంత పుల్లని పచ్చడి యగును, పేరు చాపడా. మన మన్యమువారి జీలుగు కల్లే అచ్చట సల్ఫీ. పిల్లలు చీమలపచ్చడిని ఫొటో తీయవలెనని ఏకగ్రీవముగా తీర్మానించి, తినుటకు తోడల్లుని నియమించినారు.

వింత యేమనగా, మనము ఇంత ప్రయాసపడి పోవుచున్న బస్తర్, పట్టిక యేదియు లేకయే మన యొద్దకు ప్రతిదినము వచ్చుచున్నది. జపానుకు ఖనిజము పంపుటకై 1960ల దశకమున వేసిన కొత్తవలస–కిరండూల్ రైలుదారిపై బైలాడిలా కొండ ముక్కలు ముక్కలుగా విశాఖ రేవునకు దిగివచ్చుచున్నది. ఇంద్రావతి గోదావరిలో కలియును. ఒడిశా సరిహద్దున జోరా నాలా అను వాగు ఆ ఇంద్రావతి నీటిని దారి మళ్లించి శబరిలోనికి పోనిచ్చుచున్నదని రెండు రాష్ట్రములకు ఏండ్ల తగవు. చిత్రకోట్ వేసవిలో చిక్కిపోవుటకు అదియు ఒక కారణమందురు. కాని ఆ శబరియు కూనవరము కడ గోదావరినే చేరును. ఏ దారిన పోయినను ఆ నీరు రాజమహేంద్రవరమునకే వచ్చును, టోలు కట్టకుండ.

పట్టిక ఖరారైన పిదప అద్దెకారు నడుపువాడు వచ్చినాడు. కుంట వాడు, తెలుగు వాని యింటిమాట. కాగితమును ఆసాంతము చదివి, "ఇన్నెందుకు సార్? చిత్రకోట్ కాడ రాయి మీద కూర్చుంటే పొద్దుగూకేదాకా లేవబుద్ధి కాదు" అన్నాడు. మిత్రుడు న్యాయమైన సూచనను త్రోసిపుచ్చువాడు కాడు. కళ్లజోడు సవరించుకొని, మొదటి దినమున "రాయి మీద కూర్చొనుట – 12" అని చేర్చి, ఆ పన్నెండింటిని బార్సూరు పద్దునుండి తగ్గించినాడు. ఇపుడు స్తంభమునకు సరిగా పదునైదు సెకనులు.