డబుల్స్ తొక్కరాదు

తెనాలిలో మా వీధి చివర సైకిలు షాపుండేది. అద్దె గంటకు అర్ధరూపాయి. సైకిలు ఇచ్చేటప్పుడు షాపాయన గోడగడియారం చూసి నోటుబుక్కులో టైము రాసుకునేవాడు. తిరిగి తెచ్చినప్పుడు బెల్లూ బ్రేకులూ నొక్కి చూసి, పది నిమిషాలు దాటిందని ఇంకో పావలా గుంజేవాడు. గోడమీద సున్నంతో రాసిన హెచ్చరిక: ‘డబుల్స్ తొక్కరాదు’.

నలభయ్యేళ్ళ తర్వాత, డల్లాస్ శివార్లలో ఓ చిన్న ఎయిర్‌పోర్టులో నేర్చుకోవడానికి విమానం అద్దెకు తీసుకుంటుంటే నాకు ఆయనే గుర్తొచ్చాడు. అదే నోటుబుక్కు, అదే అనుమానపు చూపు. అద్దె మాత్రం గంటకు 170 డాలర్లు. దీన్ని ‘వెట్’ అంటారు, అంటే తడి అద్దె. పెట్రోలు ఖర్చు వాళ్ళదే. పాఠం చెప్పేవాడి జీతం వేరే. మా గురువుకి ఇరవైమూడేళ్ళు. ఎయిర్‌లైన్సులో చేరాలంటే మామూలుగా 1,500 గంటలు నడిపి ఉండాలి కనుక, ఆ గంటల్ని నాలాంటి వాళ్ళ పక్కన కూర్చుని, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పోగేసుకుంటున్నాడు.

విమానం పేరు సెస్నా 172. 1956లో మొదలై, మధ్యలో ఓ పదేళ్ళు ఆగినా, ఇప్పటికీ తయారవుతూనే ఉంది. ఇంతవరకూ 44 వేలకు పైగా వచ్చాయట. విమానాల్లో అంబాసిడరు కారన్నమాట. ఇంజను తిరగ్గానే హాబ్స్ మీటరు కూడా తిరుగుతుంది. ఆటో మీటరుకి పెద్దన్నయ్య. ఆరు నిమిషాలకో అంకె, అంకెకు 17 డాలర్లు. ఎవరో దిగుతున్నారు, ఆగమంటుంది టవరు. మనం ఆగుతాం, మీటరు ఆగదు. “తొందరపడకు, చెక్‌లిస్టు నిదానంగా చదువు” అంటాడు గురువు. ఎందుకనడూ? అతని జీతమూ గంటల లెక్కే.

ఎగరడానికి ముందు రెక్క దాకా ఎక్కి, ట్యాంకులో పుల్ల ముంచి పెట్రోలు ఎంతుందో చూడాలి. ఆనక కింద 13 చోట్ల చిన్న గొట్టంలోకి కాస్త కాస్త పట్టి, నీళ్ళు కలిశాయేమో చూడాలి. ఆ పెట్రోలు నీలంగా, బట్టలకు పెట్టే ఉజాలా నీళ్ళలా ఉంటుంది. మొదటిరోజు ఇదంతా శ్రద్ధగా చేసి, లోపల కూర్చుని, కుడివైపు తిరగాలని స్టీరింగు కుడికి తిప్పాను. విమానం తిన్నగా గడ్డిలోకి బయల్దేరింది. నేలమీద ఉన్నంతసేపూ దాన్ని తిప్పాల్సింది కాళ్ళతోనట. పాతికేళ్ళు కారు నడిపిన చేతులు ఆ మాట నమ్మడానికి నాలుగు పాఠాలు పట్టింది. నాలుగు పాఠాలంటే ఎన్ని డాలర్లో మా ఆవిడకు చెప్పలేదు.

లైసెన్సుకి కనీసం 40 గంటలు చాలంటుంది చట్టం. నాకు 73 అయ్యాయి. చట్టం రాసినవాళ్ళు నన్ను చూడలేదు. మధ్యలో ఓరోజు గురువు ఉన్నట్టుండి తలుపు తీసుకుని దిగిపోయి, “మూడు చుట్లు నువ్వే తిరిగి రా” అన్నాడు. అతని బరువు తగ్గేసరికి విమానం చెంగున లేచింది. నా గుండె మాత్రం రన్‌వే మీదే ఉండిపోయింది. దిగాక అందరూ చప్పట్లు కొట్టి, నా చొక్కా వీపు భాగం కత్తిరించి గోడకు తగిలించారు. ఇక్కడి ఆచారమట. ముందే చెబితే పాత చొక్కా వేసుకునేవాణ్ణి. అది పెళ్ళిరోజుకి మా ఆవిడ కొన్నది.

లైసెన్సు వచ్చేదాకా ఎవర్నీ ఎక్కించుకోకూడదు. ఇక్కడా డబుల్స్ తొక్కరాదు! వచ్చాక మాత్రం మా ఆవిణ్ణీ, అప్పుడే ఇండియా నుంచి వచ్చిన అత్తగారినీ తీసుకెళ్దామనుకున్నాను. విమానానికి నాలుగు సీట్లున్నా ట్యాంకులు నింపితే నలుగురు పెద్దవాళ్ళు ఎక్కడం కష్టం. మొత్తం 2,550 పౌండ్లు దాటకూడదు. అందుకని ఎక్కేవాళ్ళ బరువు రాసుకోవాలి.

అత్తగారిని బరువెంతని అడిగిన అల్లుళ్ళు మన చరిత్రలో ఎంతమందో నాకు తెలీదు. “మా అమ్మని కాటా ఎక్కిస్తారా? ఆవిడేమైనా ధాన్యం బస్తానాండీ?” అంది మా ఆవిడ. అత్తగారు ఓ అంకె చెప్పారు. అది ఏ సంవత్సరానిదో అడగలేదు, గుట్టుగా ఇరవై పౌండ్లు కలుపుకున్నాను. పులిహోర డబ్బాకి ఇంకో ఆరు.

టవరుతో మాట్లాడేముందు వాతావరణం రికార్డింగు వినాలి. ఇంచుమించు గంటకోసారి అది మారుతుంది, మారినప్పుడల్లా అక్షరమూ మారుతుంది. మనం విన్నది ఏ అక్షరమో టవరుకి చెప్పాలి. ఆ గంటకు వచ్చింది డబ్ల్యూ. రేడియో భాషలో డబ్ల్యూ అంటే విస్కీ. “టేకాఫ్‌కి సిద్ధం, విత్ విస్కీ” అన్నాను గంభీరంగా. వెనకసీట్లో అత్తగారి చెవులకూ హెడ్‌సెట్టుంది.

“ఏమే, ఈ దేశంలో తాగి నడపకూడదని రూలు లేదుటే?”

ఉంది. ఆఖరి చుక్క తాగాక కనీసం 8 గంటలు గడవాలి. అది వివరిస్తే అత్తగారి అనుమానం ఇంకా బలపడింది.

దగ్గర్లోని ఎయిర్‌పోర్టుకి ఎగిరి భోంచేసి రావడాన్ని ఇక్కడివాళ్ళు వంద డాలర్ల హాంబర్గరు అంటారు. మేం ఓ చెట్టు కింద బల్లమీద పులిహోర తిని వచ్చాం. మీటరు మీద 2.1 గంటలు, 357 డాలర్లు. ప్రైవేటు లైసెన్సువాడు ఖర్చు పంచుకోవచ్చు, కానీ తన వాటా తను పెట్టుకోవాల్సిందే. లాభం తీసుకోకూడదు. ముగ్గురం కనుక మనిషికి 119 డాలర్లు. బరువు అడిగిన నోటితో అత్తగారిని ఆ 119 కూడా అడగలేకపోయాను.

మీరు మావైపు వస్తే తప్పకుండా కబురు చేయండి, ఎక్కిస్తాను. మీ వాటా మీరే ఇద్దురుగాని. బరువు మాత్రం నిజం చెప్పండి.