ప్రతిపక్ష పెద్దబాలశిక్ష

ఓడిపోయారు. ఓదార్చడానికొచ్చినవాళ్లు టీ తాగి వెళ్లిపోయారు. గన్‌మన్లు తగ్గారు. నిన్నటిదాకా మీ గుమ్మంలో చెప్పులు విప్పిన కాంట్రాక్టరు ఇవాళ ఎదురింటి గుమ్మంలో విప్పుతున్నాడు. దిగులు పడకండి. మన తెలుగు రాష్ట్రాల్లో ప్రతిపక్షమంటే అలిగి పుట్టింటికి వెళ్లిన కోడలి బతుకు. కాస్త అటూ ఇటూగా మళ్లీ కబురొస్తుంది. ఈలోగా రోడ్లు, ప్రాజెక్టులు, కొండలు, చెరువులు, అప్పుల మీద కొత్త ప్రభుత్వాన్ని నిలదీయాలి. మొన్నటిదాకా వాటికి జవాబులు చెప్పిందీ, దాటేసిందీ మీరే కాబట్టి ప్రశ్న ఎక్కడ గుచ్చుకుంటుందో మీకు తెలియంది కాదు. అయినా ఈ కొలువులో కొత్తగా చేరేవారి కోసం నాకు తోచిన మెలకువలు రాస్తున్నాను.

ముందు బీరువాకు తాళం వేయండి. అధికారంలో ఉండగా మీరిచ్చిన జీవోలు, కొబ్బరికాయ కొట్టిన ఫొటోలు, ఎదుటివాళ్లను ‘అభివృద్ధి నిరోధకులు’ అని తిట్టిన వీడియోలు అందులో పడేయండి. పర్యావరణం గురించి మాట్లాడబోయే ముందు ఇది మరీ ముఖ్యం. మూసీకి లక్షా యాభై వేల కోట్లా అని గుండెలు బాదుకునే వేళ, మూసీ రివర్‌ఫ్రంట్ కార్పొరేషన్ 2017లో ఎవరి హయాంలో పుట్టిందో జనానికి గుర్తు రాకూడదు. కంచ గచ్చిబౌలి 400 ఎకరాల కోసం కంటతడి పెట్టే వేళ, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల చుట్టూ 84 గ్రామాల్లో కట్టడాలకు కళ్లెం వేసిన 1996 నాటి 111 జీవో ఆంక్షలను 2022లో ఎత్తేసిందెవరో అసలే గుర్తు రాకూడదు. ఇది ఒక్క పార్టీకే చెప్పే బుద్ధి కాదు. హైదరాబాద్‌లో పాత సచివాలయాన్ని కూల్చొద్దని కోర్టు మెట్లెక్కిన నాయకుల పార్టీయే ఇప్పుడు ఆ చోట లేచిన కొత్త సచివాలయంలో కూర్చుని ఫైళ్లు చూస్తోంది. గురివింద సామెత ఎవరైనా ఎత్తితే కంగారు పడకండి. గురివిందకు తన నలుపు తెలియదు. మీకు తెలుసు. అందుకే కదా బీరువా.

తర్వాత అంకె. అంకె లేని ప్రతిపక్ష నాయకుడు మైకు లేని భజన బృందంలాంటివాడు. ఎదుటివాళ్ల ప్రాజెక్టుకు ఎప్పుడూ అంచనా అంకె చెప్పండి, మీ ప్రాజెక్టుకు ఖర్చయిన అంకె చెప్పండి. మొదటిది ఎప్పుడూ పెద్దది, రెండోది ఎప్పుడూ చిన్నది. పోలవరం తీసుకోండి. 2005-06 ధరల్లో 10,151 కోట్లు. 2010-11 ధరల్లో 16,010 కోట్లు. 2017-18 ధరలకొచ్చేసరికి 55,548 కోట్లు. ఈ మూడంకెలూ ఊపిరి తీసుకోకుండా చదివి ‘ఎవరి జేబుల్లోకి?’ అని ఆపేయండి. చప్పట్లు వాటంతటవే వస్తాయి. అంతకుమించి ఒక్క ముక్క చదవకండి. చదివితే, పెరిగిన దాంట్లో పెద్ద వాటా సిమెంటుకు కాదని, భూసేకరణకు, నిర్వాసితుల పునరావాసానికి అని, 2013లో కొత్త భూసేకరణ చట్టం వచ్చాక లెక్క మారిపోయిందని తెలుస్తుంది. ఆ సంగతి వేదిక మీద చెబితే మైకు చల్లబడుతుంది. పైగా, మరి నిర్వాసితులకు ఆ డబ్బు అందిందా అని ఎవడో ఒకడు అడుగుతాడు. అడగాల్సిన అసలు ప్రశ్న అదే. కానీ దానికి ఐదేళ్ల తర్వాత మీరే జవాబు చెప్పాల్సి వస్తుంది. వదిలేయండి.

అదే పోలవరంలో డయాఫ్రం వాల్ కూడా ఉంది. నది అడుగున ఇసుకలోంచి నీరు జారిపోకుండా కట్టే గోడ అది. కంటికి కనబడదు, అందుకే రాజకీయానికి మహా అనువు. 2020 వరదల్లో అది దెబ్బతింది. నీటిని మళ్లించే తాత్కాలిక కట్టలైన కాఫర్ డ్యాములు పూర్తవకముందే గోడ కట్టేశారని ఒకరు, కాఫర్ డ్యాముల ఖాళీలు పూడ్చకుండా వదిలేశారని ఇంకొకరు. ఎవరు అధికారంలో ఉంటే వాళ్ల చేతిలో ఎదుటివారి తప్పు, ఎవరు ప్రతిపక్షంలో ఉంటే వాళ్ల చేతిలో ఎదుటివారి తప్పు. గోడ దెబ్బతిన్నా వాదన చెక్కు చెదరలేదు.

కాగ్ నివేదికను చేత్తో పట్టుకోవాలి, తెరవకూడదు. కెమెరా వైపు అట్ట కనిపించేలా పైకెత్తితే చాలు. కాళేశ్వరం మీద కాగ్ నివేదిక 2024 ఫిబ్రవరిలో సభ ముందుకొచ్చింది. ప్రాజెక్టు కట్టిన ప్రభుత్వం అప్పటికి ఇంటికెళ్లిపోయింది. ఖర్చు 1,47,427 కోట్లకు చేరవచ్చని, పెట్టిన ప్రతి రూపాయికి 1.51 ప్రయోజనం వస్తుందని లెక్క చూపించగా, నిజానికి వచ్చేది 0.52 అని అందులో ఉంది. అంటే రూపాయికి యాభై రెండు పైసలు. కూరగాయల బేరం తెలిసిన ఏ గృహిణికైనా అర్థమయ్యే మాట. కానీ మీటింగుల్లో ఈ మాట వాడినవాళ్లు తక్కువ. ‘లక్ష కోట్లు గోదావరిలో కలిపారు’ అని ఒక పక్షం, ‘ఒక బ్యారేజీలో రెండు పిల్లర్లు కుంగితే లక్ష కోట్లు పోయినట్టా’ అని ఇంకో పక్షం. రెంటికీ ప్రాస ఉంది. యాభై రెండు పైసలకు ప్రాస కుదరదు.

ఆ నివేదికల్ని తెరిచి చదవడానికే ప్రజాపద్దుల సంఘం అని ఒకటుంది. దాని అధ్యక్ష పదవి ప్రతిపక్షానికి ఇవ్వడం ఆనవాయితీ, లోక్‌సభలో 1967 నుంచి సాగుతున్నది. 2024లో తెలంగాణలో ఆ కుర్చీలో కూర్చున్నాయన ప్రతిపక్ష పార్టీ గుర్తు మీద గెలిచినా, ఇప్పుడు మావాడు కాడని ఆ పార్టీయే అంది. ఆంధ్రప్రదేశ్‌లో అది అధికార కూటమిలోని పార్టీ ఎమ్మెల్యేకే దక్కింది. ఎన్నికకు కావలసినన్ని ఓట్లు ప్రతిపక్షానికున్న 11 మంది ఎమ్మెల్యేల దగ్గర లేవు. అత్త సొమ్ము అల్లుడు దానం చేస్తుంటే లెక్కపుస్తకం కూడా అల్లుడి చేతికే ఇచ్చినట్టు. మీరు దీనికి నొచ్చుకోనక్కర్లేదు. ఆ గదిలోకి కెమెరాలను రానివ్వరు.

కెమెరాలు వచ్చేది సందర్శనకు. మీ విద్యకు ఇదే ప్రాణం. 2023 అక్టోబరు 21న కాళేశ్వరంలోని మేడిగడ్డ బ్యారేజీ కుంగింది. నవంబరు 2న రాహుల్ గాంధీ వచ్చి చూశారు. ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి హోదాలో రేవంత్ రెడ్డి ఎమ్మెల్యేలను వెంటబెట్టుకుని వెళ్లి చూపించారు. మార్చి 1న బీఆర్ఎస్ ‘చలో మేడిగడ్డ’ అంది. నాలుగు నెలల్లో మూడు యాత్రలు. పగులు చూపించడానికి రెండు, పగులు ఎంత చిన్నదో చూపించడానికి ఒకటి. సందర్శనకు కావలసినవి: తెల్లచొక్కా, పక్కన చేతులు ఊపుతూ వివరించే రిటైర్డ్ ఇంజనీరు, దారిలో ఆపే పోలీసులు. మూడోది తప్పనిసరి. ఆపకుండా వదిలేస్తే యాత్ర తుస్సుమంటుంది. కాబట్టి బయలుదేరే సంగతి ముందుగా పోలీసులకు తెలిసేలా చూసుకోండి.

రుషికొండ ఇందులో డిగ్రీ కోర్సు. కొండను తవ్వి ఎలుకను పట్టారన్న సామెత అక్కడ తిరగబడింది, కొండను తవ్వితే భవంతులు బయటపడ్డాయి. తీరప్రాంత నిబంధనల గురించి, కొండ నరికివేత గురించి అప్పటి ప్రతిపక్షం గట్టిగానే అడిగింది, అడగాల్సిందే అడిగింది. 2024 జూన్‌లో ప్రభుత్వం మారింది, గేట్లు తెరిచారు, స్నానాల గదుల దాకా కెమెరాలు వెళ్లాయి. ఆ తర్వాత? కట్టినదాన్ని ఏం చేయాలో తేల్చడానికి మంత్రుల బృందాన్ని వేయాల్సి వచ్చింది. గేటు బయట ఉన్నప్పుడు ప్రశ్న, తాళం చేతికొచ్చాక సమస్య.

చెట్ల విషయంలో ఒక హెచ్చరిక. మీకంటే ముందు అక్కడికి ఎవరో వెళ్లి ఉంటారు. కంచ గచ్చిబౌలిలో విద్యార్థులు ముందు వెళ్లారు, ఉగాది, రంజాన్ సెలవుల్లో జేసీబీలు తిరుగుతుంటే. 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేత ఆపమంది. ఈలోగా కృత్రిమ మేధ గీసిన నెమళ్లు, జింకలు ఫోన్లలో పరుగెత్తాయి. నిజం నెమళ్లు అక్కడ ఉండగా గీసిన నెమళ్లు ఎందుకని అడగకండి. నిజం నెమలి మన పార్టీ రంగు చూసి పురి విప్పదు.

పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణకు మాత్రం పోకండి. 2006 నోటిఫికేషన్ ప్రకారం 30 రోజుల ముందే పత్రికల్లో ప్రకటన వేస్తారు, నివేదిక సారాంశం తెలుగులో ఇవ్వాలి, సభలో ఎవరేమన్నదీ రాసుకోవాలి. ఊళ్లో టెంటు కింద, ఉడుకు గాలిలో మూడు గంటలు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ‘ఈ రసాయన నీళ్లు ఏ వాగులో కలుస్తాయి సార్’ అని అడిగే రైతు పక్కన మీరెందుకు? ఆయన ప్రశ్న మినిట్స్‌కు ఎక్కుతుంది. మీది ఎక్కితే రేపు అదే ఫ్యాక్టరీ శంకుస్థాపనకు వెళ్లడం ఇబ్బంది.

ఇక అసెంబ్లీ. పుచ్చలపల్లి సుందరయ్య సైకిల్ మీద సభకు వెళ్లేవాడని పెద్దలు చెబుతారు. ఇప్పుడు కార్లున్నా వెళ్లక్కర్లేదు. వెళ్లకపోవడానికి మన దగ్గర సంప్రదాయమే ఉంది. 2017 చివర్లో వైఎస్సార్సీపీ సభను బహిష్కరించింది, 2021 నవంబరులో చంద్రబాబు ముఖ్యమంత్రిగానే తిరిగి వస్తానని శపథం చేసి బయటికొచ్చారు, 2024 తర్వాత ప్రతిపక్ష హోదా ఇస్తేనే వస్తామని మళ్లీ వైఎస్సార్సీపీ అంది. సభలో మీ సీటు దాకా నడిచే దూరం నూరడుగులు ఉంటుందేమో. రోడ్డు మీద నడిచే దూరం వేరు. 2003లో రాజశేఖరరెడ్డి నడిచారు, 2012-13లో చంద్రబాబు నడిచారు, 2017-19లో జగన్ 3,648 కిలోమీటర్లు నడిచారు. ముగ్గురూ నడక అయ్యాక వచ్చిన ఎన్నికల్లో గెలిచి ముఖ్యమంత్రులయ్యారు. నక్షత్ర గుర్తు ప్రశ్న అడిగి ముఖ్యమంత్రి అయినవాడి పేరు మీకు తెలిస్తే నాకో కార్డు ముక్క రాయండి.

అంతా సవ్యంగా జరిగితే ఐదేళ్లకు మీరు గెలుస్తారు. బీరువా తాళం ఎదుటివాళ్లకు ఇచ్చేయండి, ఇక వాళ్లకే కావాలి. కొత్త ఛాంబర్లో మొదటి సమావేశాల ముందురోజు సెక్షన్ ఆఫీసరు ఒక కాగితం పట్టుకొస్తాడు. ‘మంత్రిగారు దయచేసి ఈ క్రింది విషయములు తెలియజేయుదురా’ అని మొదలవుతుంది. చదువుతుంటే వాక్యం ఎక్కడో విన్నట్టుంటుంది. మూడేళ్ల కిందట మీరు పంపిన ప్రశ్నే, కామాలతో సహా. సెక్షన్ ఆఫీసరూ అదే మనిషి. జవాబు కూడా పాతదే తయారుగా ఉంది, మీరు సంతకం పెట్టడమే తరువాయి.

(ఎ) లేదండీ.

(బి) ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు.