అరవై ఒక్క రోజులు

ఏటా ఏప్రిల్ 15 వచ్చిందంటే మా రాజయ్యపేట తీరాన మర బోట్లన్నీ ఇసక మీదికెక్కుతాయి. జూన్ 14 దాకా అక్కడే. అరవై ఒక్క రోజులు. చేప గుడ్లు పెట్టే కాలం, కదిలించకండని సర్కారు ఆజ్ఞ. మాట వినకుండా వెళ్లిన బోటుకు 1994 నాటి సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం ఉండనే ఉంది. పట్టిన చేప పోతుంది, బోటు పోతుంది, జరిమానా పడుతుంది, పైగా డీజిలు రాయితీ ఆగిపోతుంది. ఆ రెండు నెలలూ మావాళ్లు వలల చిరుగులు కట్టుకుంటూ, చుట్ట కాల్చుకుంటూ, ఫోన్లు చూసుకుంటూ గడుపుతారు.

అలాంటి ఒక నిషేధం రోజున బోటు నీడలో కూచుని మా చిన్నాన్న ఒక వీడియో చూస్తున్నాడు. తెల్లగోడ. గోడ ముందు నేల మీద ఒక కుర్రాడు. తల దువ్వలేదు, గడ్డం గియ్యలేదు, ఎప్పటిదో వెలిసిపోయిన టీషర్టు. మాట్లాడబోయి ఆగాడు, పక్కకి చూశాడు, ముక్కు తుడుచుకున్నాడు.

"ఏట్రా, ఈ గుంటడి ఇంట్లో ఎవులైనా పోనారా?" అన్నాడు చిన్నాన్న.

"లేదు చిన్నాన్నా, కమ్‌బ్యాక్ ఇస్తున్నాడు. అంటే మళ్లీ వస్తున్నాడన్నమాట."

"ఎక్కడికెల్లినాడు?"

నా దగ్గర జవాబు లేదు. నిజమే, ఎక్కడికెళ్లాడు? మా ఊళ్లో తిరిగి రావడానికి ఒక లెక్కుంది. చీకటితో బయల్దేరి, ఒడ్డు కనపడనంత లోతుకు పోయి, గాలి తిరిగి, ఇంజను మొరాయించి, రావలసిన వేళ దాటిపోయి, ఇంటి ఆడవాళ్లు ఇసకలో నిలబడి సముద్రం కేసి చూస్తుండగా బోటు వస్తే, అదీ రావడం. తుపాను రోజుల్లో కొన్ని రావు. వచ్చినవాణ్ణి ఎవరూ పునరాగమనం అని పొగడరు. "ఏటి పడ్డాది?" అని అడిగి తట్టలు దింపుతారు. ఇంటర్నెట్ తార మాత్రం సోఫాలోంచి లేచి గదిలోకి వెళ్లి, గదిలోంచి మళ్లీ సోఫాలోకొస్తే చాలు, అభిమానులు హారతి పళ్లెం పట్టుకుంటారు.

ఆ గదిలో ఎన్నాళ్లుంటారో లెక్కేశాను. అమెరికాలో లోగన్ పాల్ అనే యూట్యూబర్ 2017 డిసెంబరు 31న జపాన్ అడవిలో ఆత్మహత్య చేసుకున్న మనిషి శవాన్ని చూపిస్తూ వీడియో పెట్టాడు. ప్రపంచమంతా ఛీకొట్టింది. ఆత్మహత్యలు ఆపడం ఎలాగో బోధిస్తూ ఆయన తిరిగొచ్చింది 2018 జనవరి 24న. ఇరవై నాలుగు రోజులు! బోధించడానికి కావలసిన జ్ఞానం మూడున్నర వారాల్లో వచ్చేసింది. మన దేశంలో రణవీర్ అలహాబాదియా అనే యూట్యూబర్ 2025 ఫిబ్రవరిలో ఒక హాస్య కార్యక్రమంలో తల్లిదండ్రుల గురించి వేసిన అసభ్యపు ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కోర్టు మార్చి 3న షరతులతో మళ్లీ మాట్లాడనిచ్చింది. ఆ నెల దాటకుండానే ఆయన తిరిగొచ్చి అభిమానులతో మనసు విప్పుకున్నాడు. చేపకు గుడ్లు పెట్టుకోవడానికి అరవై ఒక్క రోజులు పడుతుంటే, మనిషికి పశ్చాత్తాపం అంతకన్నా ముందే పొదిగేస్తోంది. అమెరికాలోనే కొలీన్ బాలింజర్ అనే ఆవిడ మీద 2023లో బాల అభిమానులతో ప్రవర్తన గురించి ఆరోపణలొస్తే, యుకలేలీ వాయించుకుంటూ పాటలో జవాబిచ్చింది. మనవాళ్లు ఇంకా ఆ ఎత్తుకు చేరలేదు. హార్మోనియం అందుబాటులో లేకనేమో.

మనవాళ్ల ప్రతిభ అంతా వ్యాకరణంలో ఉంది. క్షమాపణ వీడియోలు నాలుగైదు వరసగా వినండి. ఒక్కరూ "తప్పు చేశాను" అనరు. "తప్పు జరిగింది" అంటారు. వాన పడింది, పొద్దు పోయింది, తప్పు జరిగింది. కర్త లేడు. ఆ సమయానికి వీళ్లు కూడా అక్కడే ఉన్నారు పాపం, చూస్తుండగా జరిగిపోయింది. "చేశాను"కు మూడే అక్షరాలు, "జరిగింది"కి నాలుగు. ఒక అక్షరం ఎక్కువ పలకడానికైనా సిద్ధమే గానీ, చిన్నమాట నోట రాదు. ఇక రెండో వాక్యం, "ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే". ఉంటే! నొచ్చుకున్నవాడు వచ్చి రుజువు చేసుకోవాలి. మూడోది, "నా ఫ్యామిలీ చాలా సఫర్ అయ్యింది". ఇక్కడికొచ్చేసరికి బాధితులెవరో మారిపోతారు. నాలుగోది చెప్పక్కర్లేదు, త్వరలో రాబోయే ప్రాజెక్టు.

మా తీర గ్రామాల్లో తప్పు అనే మాటకు ఇంకో అర్థం ఉంది. కులపెద్దల దగ్గర పంచాయతీ అయ్యాక "వాడికి తప్పేశారు" అంటారు, "తప్పు కట్టాడు" అంటారు. జరిమానా అన్నమాట. చేసినదానికీ, కట్టవలసినదానికీ ఒకటే పేరు. మా భాషలో తప్పు ఒప్పుకుంటే సరిపోదు, కట్టాలి. ఆ పెద్దల న్యాయం గురించి నాకేం భ్రమల్లేవు. పెద్దింటి కుర్రాడికి ఒక తూకం, లేనింటి కుర్రాడికి ఒక తూకం అక్కడా చూశాను. కానీ ఎంత వంకర పంచాయతీలోనైనా వల కోసినవాడు నష్టపోయినవాడి ఎదట నిలబడాలి. కెమెరా ఎదట నిలబడి, వల సంగతి వదిలేసి, తనకెంత నిద్ర పట్టలేదో చెప్పుకుంటే "కూచోరా" అంటారు.

బెట్టింగ్ యాప్‌ల సంగతి చూడండి. వాటికి ప్రచారం చేశారని 2025 మార్చిలో హైదరాబాదు పంజాగుట్ట పోలీసులు పదకొండుమంది మీద కేసు పెట్టారు. యూట్యూబర్లు, యాంకర్లు, రీల్స్ తారలు. ఆ వెంటనే మియాపూర్ కేసులో సినిమా హీరోల పేర్లు కూడా చేరి జాబితా పాతికకు చేరింది. జూలైకి ఈడీ వచ్చింది. దీనంతటికీ ముందు గొంతెత్తినవాడు అప్పటికి ఆర్టీసీ ఎండీగా ఉన్న సజ్జనార్. బస్సులు నడిపే ఆఫీసు నుంచి ఒకాయన చెబితే తప్ప, జూదం జూదమేనని ఇన్ని లక్షలమంది ఫాలోవర్లున్న మేధావులకు తెలియలేదు. ఎవరి నేరం ఎంతో కోర్టులు తేలుస్తాయి, నా గొడవ వీడియోలతో. వారం తిరగకుండా క్షమాపణలు వరదలా వచ్చాయి. తెలియక చేశాం, ఇకపై చెయ్యం, మీరు కూడా ఆడకండి. తెలియకే అనుకుందాం. ప్రకటన చేసినప్పుడు మాత్రం ఎంత పెడితే ఎంత వస్తుందో వేళ్ల మీద లెక్క చెప్పారు. ఏ లింకు నొక్కాలో, ఏ కోడు కొట్టాలో విసుగు లేకుండా నేర్పారు. పుచ్చుకున్న పారితోషికం వెనక్కిచ్చానన్న మాట నేను చూసిన ఒక్క వీడియోలోనూ లేదు. ఆ డబ్బుతోనే పేదలకు సాయం చేశామన్న వాదన కూడా ఆ రోజుల్లో వినపడింది. చెరువులో మందు కలిపి, తేలిన చేపల్లో నాలుగు గుడికి ఇచ్చినట్టు.

మా వీధి కుర్రాడొకడు అలాంటి లింకు ఒకటి నొక్కాడు. సీజనంతా వేటకెళ్లగా వచ్చిన వాటా పోయింది, ఆ తర్వాత వాళ్లమ్మ చెవి కమ్మలు తాకట్టుకెళ్లాయి. ఇప్పుడు గుజరాత్‌లో వీరావల్ బోటు మీద కలాసీ. వాడి కమ్‌బ్యాక్ కోసం వాళ్లమ్మ ఎదురుచూస్తోంది. దానికి థంబ్‌నెయిల్ లేదు.

ఇలా అంటే జనం పక్షాన వకాల్తా పుచ్చుకున్నట్టు అనుకునేరు. జనం సంగతీ చెబుతాను. విశాఖ మత్స్యకార కుటుంబం నుంచి వచ్చి, సముద్రంలో చేపలు పట్టడం చూపిస్తూ పేరు తెచ్చుకున్నవాడు లోకల్ బాయ్ నాని. 2023 నవంబరు 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బరులో బోట్లు తగలబడిపోతే తెల్లారేసరికి అతనే అంటించాడని ఊరూవాడా తీర్పు చెప్పేసింది. పోలీసులు పట్టుకెళ్లారు, విచారించారు, చివరికి నిప్పు వేరే వాళ్ల అజాగ్రత్త వల్ల అంటుకుందని తేల్చారు. ఆ రాత్రి అతన్ని తిట్టిన వేలమందిలో ఒక్కరూ తెల్లగోడ ముందు కూచోలేదు. ముక్కు తుడుచుకోలేదు. తర్వాత 2025 ఫిబ్రవరిలో బెట్టింగ్ యాప్ ప్రచారం కేసులో అతన్నే అరెస్టు చేస్తే, "మేం అప్పుడే చెప్పాం" అన్నారు. ఏం చెప్పారు? బోట్లు తగలెట్టాడని చెప్పారు!

ఇక పచ్చళ్ల కథ. 2025 ఏప్రిల్లో, సరిగ్గా ఆవకాయ రోజుల్లో, రాజమండ్రి అలేఖ్య చిట్టి పికిల్స్ నుంచి ఒక వాయిస్ మెసేజ్ బయటికొచ్చింది. ఇంత ధరేమిటని అడిగిన పాపానికి కస్టమరుకు బూతులతో జవాబు. పచ్చడి కొనలేనివాడు బతుకులో ఏం చేస్తాడన్న ధోరణి. దుకాణం మూతపడింది, అక్కచెల్లెళ్లు వీడియోల్లో కనపడ్డారు. వాళ్ల మీద జనం పోసిన బురద వాళ్లు కూరిన కారం కన్నా ఎక్కువేనని ఒప్పుకోవాలి. ఆడపిల్లలు కాకపోతే అందులో సగం కూడా పడేది కాదు. కానీ చూడండి, అక్టోబరుకల్లా వాళ్లలో ఒకరు, రమ్య మోక్ష, బిగ్‌బాస్ తొమ్మిదో సీజన్లో వైల్డ్ కార్డ్‌గా ప్రవేశించింది. ఆవకాయ ఊరి ముక్క మెత్తబడే లోపే అపకీర్తి ఊరి అర్హత అయింది. అదే సీజన్లో, అదే ఇంట్లో, పంజాగుట్ట కేసు జాబితాలో పేరున్న రీతూ చౌదరి మొదటినుంచీ ఉంది.

ఆ ఇల్లు మనకు దొరికిన కొత్త పుష్కర ఘాటు. పుష్కరాలు పన్నెండేళ్లకొకసారి, ఇది ఏడాదికొకసారి. మా విశాఖ యూట్యూబ్ కుర్రాడు షణ్ముఖ్ జస్వంత్ 2021 ఫిబ్రవరిలో జూబ్లీహిల్స్‌లో తాగి కారు నడిపి గుద్దిన కేసులో ఇరుక్కున్నాడు. అదే ఏడాది సెప్టెంబరులో ఆ ఇంట్లోకి వెళ్లి డిసెంబరుకి రన్నరప్‌గా బయటికొచ్చాడు. 2024 ఫిబ్రవరిలో గంజాయి కేసు. ఆ డిసెంబరులోనే ఈటీవీ విన్‌లో 'లీలా వినోదం' సినిమా. నటన వచ్చినవాడు నటించకూడదని నేననను. కుర్రతనంలో చేసినదానికి జన్మంతా మూల కూచోమనడం కూడా న్యాయం కాదు. నాకు అర్థం కానిదొకటే. కేసు వచ్చాక చేసిన పని బాగుందా లేదా అని అడిగితే తప్పవుతోంది. "పాపం, ఎంత నలిగాడో" అనాలి. మునుపు కథానాయకుడు కథలో కష్టాలు పడేవాడు. ఇప్పుడు కష్టాలు ప్రచారంలోనే అయిపోతున్నాయి, కథకు మిగలడం లేదు.

ఈ లోపు మా ఊరి వీడియోల సంగతి. 2025 జనవరి 8న ప్రధాని విశాఖ నుంచి మా నక్కపల్లి బల్క్ డ్రగ్ పార్కుకు శంకుస్థాపన చేశారు. మందుల కంపెనీల నీళ్లు సముద్రంలోకొస్తే మా వేటేం కావాలని మావాళ్లు టెంటు వేసుకు కూచున్నారు. అక్టోబరులో జాతీయ రహదారి ఎక్కారు. ఆడవాళ్లు, ముసలివాళ్లు, సంకన పిల్లలు. మా కుర్రాళ్లు ఫోన్లో తీసి పెట్టారు. దువ్వని తలలే, వెలిసిన బట్టలే, కన్నీళ్లు కూడా అసలైనవే. ఎడిటింగ్ చెయ్యలేదు గనక ఎవరూ చూడలేదు. ఏ తప్పూ చెయ్యనివాడికి కమ్‌బ్యాక్ ఉండదు కదా. ముందొక కుంభకోణమైనా చేసి రావలసింది.

అందుకని నాదొక మనవి. మా మీద ఉన్న చట్టాన్నే వాళ్ల మీదా పెట్టండి, కొత్తది రాయక్కర్లేదు. తప్పు బయటపడ్డ రోజునుంచి అరవై ఒక్క రోజులు మర కెమెరాలు ఇసక మీద ఉండాలి. రింగ్ లైటుతో దొంగచాటుగా వేటకెళితే పట్టిన వ్యూలు జప్తు, ఛానలు జప్తు. అల్గారిథం రాయితీ కట్. నిషేధ కాలంలో మాకిచ్చే భృతి 2025లో ఇరవై వేలకు పెరిగింది, అదీ ఇవ్వండి, అభ్యంతరం లేదు. ఆ డబ్బుతో రెండు నెలలు బతికితే జనానికి ఏది ఎంత ఖరీదో తెలుస్తుంది. మొదటి వీడియో తియ్యడానికి ముందు, నష్టపోయినవాడి ఇంటికెళ్లి, కెమెరా లేకుండా, తప్పు కట్టి రసీదు తెచ్చుకోవాలి. డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలకు ప్రచారం చేస్తే రెండేళ్ల దాకా జైలు, యాభై లక్షల దాకా జరిమానా అని 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. సంతోషం. కానీ ఆ జరిమానా ఖజానాకెళుతుంది. వీరావల్ వెళ్లినవాడి అమ్మ చెవులకు రాదు.

ఇదంతా చిన్నాన్నకు చదివి వినిపించాను. మొత్తం విని, "నాను ఆ రోజు ఆ గుంటడి బొమ్మ మీద ఏలు ఎట్టినాన్రా, పొరబాటున. గుండె గుర్తు ఎర్రగా అయిపోనాది" అన్నాడు. అప్పట్నుంచి ఆయన ఫోను తెరిస్తే చాలు, తెల్లగోడలూ ఏడుపు మొహాలూ వరసగా వస్తున్నాయట. వాతావరణ హెచ్చరిక చూద్దామన్నా దొరకడం లేదు. ఎలా ఆపాలో తెలిసినవాళ్లు ఎవరైనా కాస్త చెప్పండి. జూన్ 15 తెల్లవారుజామున ఆయన వేటకెళ్లాలి.