గూగుల్‌కు కనబడితే చాలు

గూగుల్ కంపెనీకి ఒకప్పుడు ఒక ఈమెయిల్ వచ్చింది. తమరి వెబ్‌సైట్ చూశామనీ, పెద్ద సెర్చ్ ఇంజన్లలో చాలావాటిలో తమరి పేరు కనిపించడం లేదనీ అందులో ఎంతో బాధపడుతూ రాశారు. ఈ సంగతి బయటపెట్టింది గూగులే. ఎస్‌ఈఓ నిపుణుల్ని, అంటే సెర్చ్ ఫలితాల్లో సైట్‌ను పైకి తెచ్చిపెడతామనేవాళ్లని, కుదుర్చుకునేవారికి జాగ్రత్తలు చెప్పే తన సహాయ పేజీలో ఈ ఉత్తరాన్ని ఉదాహరణగా పెట్టుకుంది. పిలవకుండా ఈమెయిల్ పంపేవాళ్లను నమ్మొద్దనీ, మొదటి ర్యాంకు గ్యారంటీ అని ఎవరూ చెప్పలేరనీ అదే పేజీలో ఉంది. గూగుల్‌ను సెర్చ్ ఇంజన్లో చూపిస్తామనడమంటే, తిరుమల వెంకన్నకే వీఐపీ బ్రేక్ దర్శనానికి లెటర్ ఇప్పిస్తామనడం. ఆ ధైర్యానికి దండం పెట్టాల్సిందే.

గూగుల్‌నే వదలనివాళ్లు పచ్చళ్ల వ్యాపారిని వదులుతారా? గుంటూరులో అలాంటి ఆసామి ఒకాయన ఉన్నాడనుకుందాం. ఆవకాయ, గోంగూర, పండుమిర్చి అమ్ముతాడు. డాలస్‌లో ఉన్న మేనల్లుడు పోరు పెట్టగా పెట్టగా వెబ్‌సైట్ చేయించాడు. చేయించాక గూగుల్‌లో ఆవకాయ అని కొట్టి చూసుకుంటే అందరి ఆవకాయలూ ఉన్నాయి, తనది తప్ప. సాయంత్రానికల్లా ఫోన్ మోగింది.

"సార్, మీ సైట్ ఫస్ట్ పేజీలో లేదండి."

"చూశాను బాబూ."

"మూడు నెలల్లో తెచ్చేస్తాం సార్. ప్యాకేజీ ఉంది."

"ముందు మా ఆవకాయ ఒకసారి రుచి చూడు నాయనా."

"అది తర్వాత సార్. ముందు కీవర్డ్స్ ఫిక్స్ చేద్దాం."

కీవర్డ్‌ల చరిత్ర చాలా పాతది. 1990లలో సెర్చ్ ఇంజన్లు అమాయకంగా ఉండేవి. పేజీ తన గురించి తాను ఏం చెప్పుకుంటే అది చాలావరకు నమ్మేవి. దాంతో పేజీ వెనక కనిపించని మెటా కీవర్డ్స్ ట్యాగ్‌లో ఊళ్లో ఉన్న మాటలన్నీ కుక్కేవాళ్లు. అదీ చాలకపోతే తెల్లటి పేజీ మీద తెల్లటి అక్షరాలతో రాసేవాళ్లు. మనిషికి కనబడదు, యంత్రానికి కనబడుతుంది. ఆ ట్యాగ్‌ను ర్యాంకింగ్ కోసం అసలు చూడటం లేదని 2009 సెప్టెంబరులో గూగుల్ బహిరంగంగా ప్రకటించింది. అయినా ప్యాకేజీ కాగితంలో ఆ పని ఒక లైనుగా, టిక్కు మార్కుతో సహా ఇప్పటికీ దర్శనమిస్తూ ఉంటుంది. చేసినా ఫలితం ఉండదు, చేయకపోయినా ఎవరికీ తెలియదు. ఇంత హాయైన పనిని ఏ వృత్తి మాత్రం వదులుకుంటుంది?

ఇదంతా చిన్నవాళ్ల కక్కుర్తి అనుకోనక్కర్లేదు. 2006 ఫిబ్రవరిలో బీఎండబ్ల్యూ వారి జర్మనీ వెబ్‌సైట్‌ను గూగుల్ తన జాబితా నుంచే తీసేసింది. వాళ్లు పేజీలు చదివిపోయే గూగుల్ యంత్రానికి, అంటే బాట్‌కు, ఒక పేజీ, మనుషులకు ఇంకో పేజీ చూపించారు. బాట్ చూసే పేజీలో వాడిన కార్లు అనే అర్థం వచ్చే జర్మన్ మాట నలభైకి పైగా సార్లు ఉంది. మనిషి వస్తే మాత్రం మెరిసిపోయే ఫొటోల పేజీకి దారి మళ్లేది. రోడ్డు మీద కనబడితే పదిమంది తలతిప్పి చూసే కార్లు చేసే కంపెనీ, ఒక యంత్రం ముందు నిలబడి పాత కార్లు, పాత కార్లు అని కేకలేసిందన్నమాట. తప్పు సరిదిద్దుకున్నాక కొద్ది రోజులకే మళ్లీ జాబితాలోకి ఎక్కింది. పచ్చళ్ల ఆసామికి అంత తొందరగా క్షమాభిక్ష దొరుకుతుందా అంటే, అనుమానమే.

పేజీ సొంత డబ్బా నమ్మడానికి వీల్లేదని తేలాక వేరే దారి వెతకాల్సి వచ్చింది. స్టాన్‌ఫర్డ్‌లో చదువుకుంటున్న లారీ పేజ్, సెర్గీ బ్రిన్‌లు ఒక ఉపాయం పట్టారు. పరిశోధన వ్యాసాన్ని ఎంతమంది ఉటంకిస్తే దానికంత విలువ. వెబ్ పేజీకీ అదే కొలత పెడదాం అనుకున్నారు. వేరే సైట్లు ఇచ్చే ప్రతి లింకూ ఒక ఓటు. పేరున్న సైట్ ఓటుకు బరువెక్కువ. 1998లో పుట్టిన గూగుల్‌కు పునాది ఇదే. ఆలోచన గొప్పదే. కానీ ఓటు అన్నాక కొనేవాడు పుట్టకుండా ఉంటాడా? ఈ అనుమానం స్టాన్‌ఫర్డ్‌లో ఎంత గట్టిగా వచ్చిందో గానీ, మన దగ్గర సర్పంచ్ పదవికి పోటీ చేసిన ఎవర్నడిగినా మొదటి రోజే చెప్పేవాడు.

కొన్నవాళ్లలో జేసీ పెన్నీ కథ చెప్పుకోవాలి. అమెరికాలో అందరికీ తెలిసిన డిపార్ట్‌మెంట్ స్టోర్ అది. 2010 చివర్లో, పండగ కొనుగోళ్ల కాలంలో, గౌన్లు అని వెతికినా, దుప్పట్లు అని వెతికినా, తివాచీలు అని వెతికినా గూగుల్‌లో మొదట వచ్చేది అదే. శామ్సొనైట్ సూట్‌కేసు అని కంపెనీ పేరు పెట్టి వెతికితే శామ్సొనైట్ వాళ్ల సైట్ కంటే పైన జేసీ పెన్నీ కూర్చునేది. ఇదేం విడ్డూరమని న్యూయార్క్ టైమ్స్ ఆరా తీయించి, 2011 ఫిబ్రవరిలో బయటపెట్టింది. బట్టలతో బంధుత్వమే లేని సైట్లతో సహా రెండు వేలకు పైగా పేజీల నుంచి ఆ స్టోర్‌కు లింకులున్నాయి. గౌనుతో ఏ సంబంధమూ లేని పేజీలో ఎక్కడో అడుగున, సాయంత్రం పూట వేసుకునే గౌన్లు అని ఒక లింకు. గూగుల్ చెయ్యి చేసుకుంది. సూట్‌కేసుల వెతుకులాటలో ఒకటో స్థానంలో ఉన్నది 71కి జారింది. డ్రాయింగ్ రూమ్ ఫర్నిచర్ 68కి పడింది. ఈ లింకుల సంగతి మాకు తెలియనే తెలియదని కంపెనీ చెప్పి, తమ ఎస్‌ఈఓ సంస్థను సాగనంపింది. పట్టుబడిన ప్రతిసారీ తెలియనిది యజమానికే అవుతుంది. ర్యాంకు వచ్చినప్పుడు మాత్రం అంతా తెలిసే వస్తుంది.

గూగుల్ తనను తానే శిక్షించుకున్న ఘట్టం కూడా ఉంది. 2012 జనవరిలో క్రోమ్ బ్రౌజర్ ప్రచారం కోసం డబ్బులిచ్చి రాయించిన పోస్టులు బయటపడ్డాయి. వాటిలో ఒకదాంట్లో క్రోమ్ డౌన్‌లోడ్ పేజీకి సాక్షాత్తూ ఓటు లింకు కూడా ఉంది. మేం ఒప్పుకున్నది వీడియో ప్రకటనలకేననీ, ఇదంతా ఏజెన్సీల నిర్వాకమనీ వివరణ వచ్చింది. చివరికి క్రోమ్ పేజీ ర్యాంకును కనీసం 60 రోజులపాటు తగ్గించారు. జడ్జిగారు తనకు తానే జరిమానా వేసుకుని, తన ఖజానాలోనే కట్టుకున్న కేసు ఇది.

మరుసటి ఏడాది బ్రిటన్‌లో పూలమ్మే ఇంటర్‌ఫ్లోరా వంతు. స్థానిక పత్రికల వెబ్‌సైట్లలో డబ్బిచ్చి రాయించిన వ్యాసాల్లో లింకులు పెట్టించుకుంది. 2013 ఫిబ్రవరిలో, ప్రేమికుల రోజు దాటగానే, ఆ కంపెనీ సొంత పేరు కొట్టినా దాని సైట్ రాలేదు. 11 రోజుల తర్వాత, బ్రిటిష్ మదర్స్ డేకి ముందే, తిరిగి ప్రత్యక్షమైంది. పూల వ్యాపారం రెండు సీజన్ల నడుమ మాత్రమే మాయమైందంటే, శిక్షలకూ మంచి ముహూర్తాలు ఉంటాయనుకోవాలి.

ఇవన్నీ పచ్చళ్ల ఆసామికి ఎవరు చెబుతారు? ఆయన ప్యాకేజీలో వెయ్యి బ్యాక్‌లింకులు ఉచితం. ఆవకాయకు ఓటేసినవాళ్లలో కేసినో సైట్ ఒకటి, పైకప్పు రేకులమ్మే సైట్ ఒకటి, రష్యన్ భాషలో దేని గురించో తెలియని సైట్ ఇంకొకటి. ఇలాంటి లింకుల్ని పట్టడానికే 2012 ఏప్రిల్‌లో గూగుల్ పెంగ్విన్ అనే మార్పు తెచ్చింది. అదే ఏడాది అక్టోబరులో, ఈ లింకులు నావి కావు, లెక్కలోకి తీసుకోవద్దు అని జాబితా రాసి ఇచ్చుకునే సదుపాయమూ పెట్టింది. అది ఎస్‌ఈఓ రంగానికి వరంలా దిగింది. లింకులు తెచ్చినందుకు ఒక బిల్లు, వాటిని వద్దనిపించినందుకు ఇంకో బిల్లు.

తర్వాత కంటెంట్ అనే మాట వస్తుంది. ఆవకాయ ధర కావాలని వచ్చినవాడు ముందు మామిడికాయ పుట్టుక నుంచి చదవాలి. ఎందుకంటే పొడుగ్గా రాస్తే గూగుల్ మెచ్చుతుందట. ఇలా కీవర్డ్ చుట్టూ నీళ్లు కలిపి రాసే కంటెంట్ ఫ్యాక్టరీల పీచమణచడానికి 2011 ఫిబ్రవరిలో గూగుల్ పాండా మార్పు తెచ్చింది. అమెరికాలో దాదాపు 12 శాతం వెతుకులాటల మీద దాని ప్రభావం పడిందని చెప్పింది. పాండా అమెరికాలో నడిచింది గానీ, తెలుగు వెబ్ వైపు వచ్చేసరికి దానికి నిద్ర పట్టేసినట్టుంది.

2018లో గూగుల్ యాడ్‌సెన్స్‌కు తెలుగు వచ్చింది. తెలుగులో రాసినా ప్రకటనల డబ్బు వస్తుందన్న శుభవార్తకు తెలుగు వెబ్ ఎలా స్పందించిందో చూడాలంటే ఫలానా సినిమా ఓటీటీలోకి ఎప్పుడు అనే పేజీ ఒకటి తెరిస్తే చాలు. శీర్షికలోనే "అదిరిపోయే అప్‌డేట్". మొదటి పేరాలో హీరో ఎవరో, హీరోయిన్ ఎవరో, సంగీతం ఎవరో. రెండో పేరాలో థియేటర్లలోకి ఎప్పుడొచ్చిందో, ఎంత వసూలు చేసిందో. ఒక ప్రకటన. మూడో పేరా "ఇక ఓటీటీ విషయానికొస్తే" అని మొదలై, ఫ్యాన్స్ ఆత్రంగా ఎదురు చూస్తున్నారని చెబుతుంది. ఇంకో ప్రకటన, దాన్ని మూసే ఇంటూ గుర్తు చీమ కంటే చిన్నది. ఆఖరి లైను: "దీనిపై అధికారిక ప్రకటన రావాల్సి ఉంది." పాఠకుడు అడిగింది ఒక తేదీ. దొరకనిదీ అదొక్కటే.

పరీక్షల ఫలితాల సీజన్ దీన్ని మించిపోతుంది. ఆంధ్రలో ఎంసెట్ పేరు 2021లో, తెలంగాణలో 2024లో ఈఏపీసెట్‌గా మారింది. వెతికే తల్లిదండ్రుల వేళ్లు మాత్రం ఇంకా ఎంసెట్ అనే కొడతాయి. అందుకని "డైరెక్ట్ లింక్ ఇదే" పేజీల్లో పాత పేరు, కొత్త పేరు, రెండింటి స్పెల్లింగు తప్పులు కూడా భక్తిగా నింపి ఉంటాయి. ఆ డైరెక్ట్ లింక్ నొక్కితే అదే సైట్‌లోని ఇంకో పేజీ వస్తుంది. అక్కడ ఇంకో డైరెక్ట్ లింక్ ఉంటుంది.

పేర్ల సంగతి వచ్చింది కాబట్టి న్యూయార్క్ మన్‌హాటన్‌లోని ఒక థాయ్ హోటల్ గురించి చెప్పాలి. 2022లో తెరిచారు. దాని పేరు 'థాయ్ ఫుడ్ నియర్ మీ'. బోర్డు మీద నిజంగానే అదే ఉంది. ఆకలేసినవాడు ఫోన్‌లో ఏం కొడతాడో అదే పేరు పెట్టేశారు. బారసాలకు పంతులుగారి బదులు గూగుల్‌ను పిలిచిన మొదటి హోటల్ కాకపోవచ్చు గానీ, మొహమాటం లేకుండా పిలిచింది ఇదే. డాలస్ మేనల్లుడు ఈ కథ చదివి, మామయ్య బ్రాండ్ పేరు మార్చమని ఇప్పటికే రెండు వాయిస్ మెసేజ్‌లు పెట్టి ఉంటాడు.

ఇంతకీ పచ్చళ్ల ఆసామి సైట్ ఎందుకు కనబడటం లేదు? లోపల ఏముందో ఎవరూ చూడలేదు. హోమ్ పేజీ ఒక పోస్టర్. రకాలు, ధరలు, అరకేజీ కిలో లెక్కలు, పార్సిల్ చార్జీలు, ఫోన్ నంబరు, అన్నీ ఊళ్లో ఫ్లెక్సీలు కొట్టే డీటీపీ కుర్రాడు అను ఫాంట్లలో కంపోజ్ చేసి, ఫొటోగా మార్చి ఇచ్చినవే. మనిషికి అది నోరూరించే ధరల పట్టిక. బాట్‌కు ఐఎంజీ 4471 అనే ఒక బొమ్మ. ఆవకాయ అనే మాట ఆ సైట్‌లో అక్షరాలుగా ఒక్కచోటా లేదు.

ఇది ఒక్క ఆసామి తప్పు కాదు, తెలుగు వెబ్‌కు పుట్టుకతో వచ్చిన జబ్బు. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగు ఉంది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంట్‌ను మోసుకొచ్చింది. అయినా చాలా ఏళ్లపాటు మన పత్రికల వెబ్‌సైట్లు ఎవరి ఫాంట్ వారే వేసుకుని నడిచాయి. ఆ ఫాంట్ దింపుకుంటేనే తెలుగు, లేకపోతే పిచ్చి గీతలు. సెర్చ్ ఇంజన్‌కు అందినవీ ఆ పిచ్చి గీతలే. వాటిని యూనికోడ్‌లోకి మార్చి చదివించడానికి 'పద్మ' అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింపు పుట్టాల్సి వచ్చింది. పత్రికలు తర్వాత దారికొచ్చాయి. ఆఫీసులూ డీటీపీ సెంటర్లూ పూర్తిగా రాలేదు. సంతకం చేసిన జీవోను స్కాన్ చేసి, కాస్త వంకరగా, పీడీఎఫ్‌గా పెట్టేస్తే పారదర్శకత తీరిపోయింది. అందులోని ఒక్క మాటను వెతికి పట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

గూగుల్ ఎన్నో ఏళ్లుగా ఉచితంగా అందిస్తున్న ప్రాథమిక మార్గదర్శిలో ఉన్నదంతా ఇంత సాదా సంగతులే. ముఖ్యమైన మాటలు బొమ్మలో దాచకుండా అక్షరాల్లో పెట్టండి. ప్రతి పేజీకి అందులో ఏముందో చెప్పే శీర్షిక పెట్టండి. చదివేవాళ్ల కోసం రాయండి. వాళ్లు ఏ మాటలతో వెతుకుతారో ఆలోచించండి. మన ఆసామికైతే ధరల పట్టిక టైపు చేయించి, ఆవకాయ అని తెలుగులోనూ, తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టే మేనల్లుళ్ల కోసం ఆ రూపంలోనూ రాసి, ఊరి పేరు, పంపే దేశాలు, ఫోన్ నంబరు పెడితే చాలావరకు పనైపోతుంది. డీటీపీ కుర్రాడికి ఒక పూట పని. ఇందులో నెల నెలా వసూలు చేయదగ్గది ఏమీ లేకపోవడమే దీని లోపం. అందుకే ఏ ప్యాకేజీలోనూ కనబడదు.

ఈలోగా ఆట మారిపోయింది. 2024 మార్చిలో గూగుల్, యంత్రం చేత రాయించినా మనుషుల చేత రాయించినా, ర్యాంకు కోసమే గుట్టలుగా పోసే పేజీల మీద కొత్త నిబంధనలు తెచ్చింది. రెండు నెలలకే అమెరికాలో తానే ఏఐ చేత జవాబులు రాయించి అందరి కంటే పైన పెట్టుకుంది. పిజ్జా మీద చీజ్ జారిపోతుంటే సాస్‌లో కాస్త జిగురు కలపమని ఆ జవాబుల్లో ఒకటి సలహా ఇచ్చింది. మూలం తవ్వితే రెడిట్‌లో ఎవరో అంతకు పదకొండేళ్ల కిందట వేసిన జోకు తేలింది. ఆ జోకు వేసినాయన కీవర్డ్‌లు చూసుకోలేదు, బ్యాక్‌లింకులు కొనలేదు. ఏ ప్యాకేజీ కట్టకుండానే లోకంలో అందరికంటే పై స్థానం కొట్టేశాడు.

ఈ ఏఐ జవాబుల్లో చోటు దక్కించుకునే విద్యకు 2023లోనే పరిశోధకులు జీఈఓ అని పేరు పెట్టారు. ఇందుకోసం ప్రత్యేకంగా చేయాల్సిందేమీ లేదని గూగుల్ తన సహాయ పేజీల్లో రాసి పెట్టింది. హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్ల అడ్డా అయిన అమీర్‌పేటలో మైత్రీవనం పక్క గోడలు ఆ పేజీ చదవవు కాబట్టి, అక్కడ కొత్త కోర్సు పోస్టర్ పడటం ఖాయం. డెమో క్లాసు ఎలాగూ ఉచితమే.