సాగిన ముక్కు: సటీక తాత్పర్యము

ముక్కు వంక చూడు ముందుగ, నెత్తిపైఁ
జార లున్న పిట్ట జాతి చిన్న;
చార లేని దైన సాగిన ముక్కుతోఁ
బెద్ద దనుము, లేదు పేచి దీన.

టీక: ముక్కు వంక = ముక్కుకున్న వంపును; ముందుగ చూడు = మొదట పరికింపుము; నెత్తిపై చారలున్న పిట్ట = నడినెత్తిన పాలిపోయిన గీత, దానికి అటూ ఇటూ ముదురు గోధుమ పట్టీలు కలది, అనగా వింబ్రెల్; చార లేనిదైన = నెత్తిన పట్టీలు లేనిదైతే; పెద్దది = యురేషియన్ కర్ల్యూ; పేచి లేదు = తగవు లేదు (అని కవిగారి భ్రమ).

తాత్పర్యం: చలికాలంలో కాకినాడ తీరాన, కోరంగి మడ అడవుల అంచున, నీరు తీసిన బురదలో ఈ రెండూ మేస్తాయి. నెత్తి చూసి చిన్నదాన్నీ, ముక్కు చూసి పెద్దదాన్నీ పోల్చుకోవలెనని భావం.

విశేషాలు:

శంక: ముక్కు పొడవు ఒక్కటే చాలదా?
సమాధానం: చాలదు. వింబ్రెల్ ముక్కు 8 సెంటీమీటర్లకు అటూ ఇటూ. ఆడ కర్ల్యూది 15 దాటి కూడా సాగుతుంది. అయితే మగదాని ముక్కు పొట్టి, ఆ ఏడు పుట్టిన పిల్లది మరీ పొట్టి. కవి ఈ పిల్లను ఎరుగడు. వంపులోనూ తేడా ఉంది: కర్ల్యూ ముక్కు మొదటినుంచీ మెల్లగా వంగుతుంది, వింబ్రెల్‌ది చాలాదూరం తిన్నగా సాగి కొసదగ్గర చటుక్కున వంగుతుంది.

శంక: ఒకే వంకర ముక్కు కుటుంబానికి ఇంత తేడా ఎందుకు?
సమాధానం: కూటికోసం. కర్ల్యూ ముక్కును మొదలంటా బురదలో దింపి, కొస మాత్రమే తెరిచి పురుగును పట్టి లాగుతుంది. వింబ్రెల్‌కు పీతలంటే ప్రాణం; దొరికినదాన్ని విదిలించి, కాళ్లు ఊడగొట్టి, బురద కడిగి మింగుతుంది.

శంక: రెండూ ఎగిరిపోతే?
సమాధానం: చెవి ఒగ్గవలెను. కర్ల్యూ ‘కుర్-లీ’ అని పైకి లాగుతుంది. వింబ్రెల్ ఒకే స్థాయిలో ఏడెనిమిది ఈలలు గబగబా వేస్తుంది. పద్యంలో కూత ఊసే లేదు గనుక కవి ఒడ్డుకు పోక ఇంట్లోనే రాశాడని వ్యాఖ్యాతల అభిప్రాయం.

ప్రకృతి శాస్త్రవేత్త లిన్నేయస్ 1758లోనే ఈ రెంటికీ వేరువేరు పేర్లు పెట్టాడు. ఏ పేచీ మిగలనిది వీటి చుట్టం సన్నముక్కు కర్ల్యూ విషయంలోనే: నిర్ధారణగా కడపటిసారి 1995లో మొరాకోలో కనిపించింది, 2025లో అంతరించిందని ప్రకటించారు. కాబట్టి పాఠకులారా, ఉన్నవాటి గురించి పేచీ పడండి. ముక్కును నమ్మి తీర్పు చెప్పకండి, నెత్తి చూడండి, కూత వినండి.