చెయ్యి పెట్టిన చోటే వెతకాలి

మా రోజుల్లో సిరొంచలో జీపు ఉన్నవాడికి ముందు ఇరుసు పనిచేస్తోందా లేదా అన్న అనుమానమే ఉండేది కాదు. ఎండాకాలం కాళేశ్వరం పోవాలంటే గోదావరి ఇసుకలోకి దిగాల్సిందే. నాలుగు చక్రాలూ లాగకపోతే పది గజాల్లో తెలిసిపోయేది. 1982లో గడ్చిరోలి జిల్లా అయ్యేదాకా మాది చాందా (చంద్రపూర్) జిల్లా. అప్పుడైనా ఇప్పుడైనా జిల్లా ఆఫీసుకు పోవాలంటే ఆలపల్లి అడవి దాటి దాదాపు 200 కిలోమీటర్లు పోవాలి. అప్పట్లో దారిలో మిస్త్రీ దొరికేవాడు కాదు. అందుకే పానాలు సీటు కిందే ఉండేవి. విప్పినవాడే బిగించేవాడు, బిగించినవాడే బండిని ఇసుకలోకి దించి చూసేవాడు.

ఇప్పుడు గోదావరి మీద వంతెన, ప్రాణహిత మీద వంతెన, పాతగూడెం దగ్గర ఇంద్రావతి మీదా వంతెన. అవి రావాలని మొక్కుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. నా కోపం వాటి మీద కాదు, పిల్లల మీద. ఫోన్లో వీడియో చూసి హబ్ బేరింగులు మారుస్తారు, గేరుబాక్సు దింపుతారు. సొంతంగా చేసుకోవడం మంచిదే, మెచ్చుకుంటాను. కానీ ఆ వీడియోలో బండి వేరు, నీ బండి వేరు. పైగా బిగించాక ఫోర్‌వీల్ వేసి చూడరు. తారురోడ్డు మీద బండి పోతోంది కదా, చాలనుకుంటారు. వానల్లో జింగానూరు వైపు ఏదో వాగులో దిగబడ్డాక లీవరు లాగితే వెనక చక్రాలు మాత్రమే గిర్రున తిరుగుతాయి. ఇక మొదలు: "తాతా, ట్రాన్స్‌ఫర్ కేసు పోయింది, ఎక్కడ దొరుకుతుంది?"

పోయిందని ఎవరు చెప్పారు నాయనా? నిన్నటిదాకా నడిచింది నీ చెయ్యి పడ్డాక ఆగిందంటే ముందు నువ్వు విప్పిన చోటే చూడాలి. మేం చేసిన పద్ధతి ఇది. వెనక చక్రాలకు రాళ్లు పెట్టి, ముందు ఇరుసు జాకీల మీద లేపి, కింద దుంగలు ఆనించేవాళ్లం. ఇంజను ఆపి, గేరులో ఉంచి, ఫోర్‌వీల్ వేసి, ముందు షాఫ్టును చేత్తో మెలితిప్పాలి. కాస్త లూజు ఆడి ఆగిపోతే ట్రాన్స్‌ఫర్ కేసు పట్టుకున్నట్టే. సులువుగా తిరిగిందంటే లీవరు పూర్తిగా పడకపోయి ఉండొచ్చు. గేరుబాక్సు దింపి ఎక్కించిన బండిలో ముందు చూడాల్సింది లీవరు కడ్డీలనే. తర్వాత లీవరు టూవీల్‌లోకి తెచ్చి, హబ్ లాకులు వేసి, ఒక చక్రాన్ని మనిషి చేత గట్టిగా పట్టించి షాఫ్టు తిప్పాలి. రెండో చక్రం కదలాలి. కదలకపోతే ముందు రెండు వైపులా హబ్‌లు విప్పి చూడు. బేరింగు మార్చినప్పుడు లాకు లోపల కూడా గ్రీసు కుక్కేసి ఉంటావు, పళ్లు జరగవు.

చాలా కొత్త బండ్లలో చేత్తో తిప్పే లాకులు లేవు. కొన్నిటికి వాక్యూమ్ గొట్టం, కొన్నిటికి మోటారు. ఊడిన గొట్టం, సరిగ్గా గుచ్చని వైరు చాలు, డాష్‌బోర్డులో లైటు మిణుకుమిణుకుమంటుంది. ఆ వైరు చూడకుండా వేలు పోసి మోటారు కొనేవాళ్లను చూస్తే కడుపు మండుతుంది.

ఇంకోటి, అన్నిటికన్నా చెడ్డది. తుక్కు అంగట్లో చవగ్గా దొరికిందని ఒక ఇరుసు మార్చేస్తారు. ముందు పినియనుకు 8 పళ్లు, క్రౌనుకు 43. వెనక 8కి 39. టూవీల్‌లో ఏమీ తెలియదు. ఫోర్‌వీల్ వేయగానే రెండు ఇరుసులూ ఒకదాన్నొకటి గుంజుకుంటాయి, చివరికి ఏదో ఒకటి విరుగుతుంది. కొనే ముందు మూత తీసి పళ్లు లెక్కపెట్టడానికి ఎంతసేపు? ముందూ వెనకా వేరే సైజు టైర్లు వేసినా ఇదే బాధ.

అన్నీ సరిగా ఉన్నా తారురోడ్డు మీద ఫోర్‌వీల్‌లో మలుపు తిప్పితే స్టీరింగు బిగుస్తుంది, లీవరు బయటికి రాదు. పాత జీపుల్లో ముందు వెనక ఇరుసుల మధ్య డిఫరెన్షియల్ లేదు కాబట్టి అంతే. కంగారుపడి సుత్తి తీయొద్దు. తిన్నగా నాలుగు గజాలు వెనక్కి పోనిస్తే వదులుతుంది.

మృగశిర కార్తె రాకముందే, బండి ఇంకా జాకీల మీద ఉండగానే ఇవన్నీ చూసుకోండి. చేతకాకపోతే మా ఇంటికి తీసుకురండి, కూర్చుని చూపిస్తాను.